ఎడమ మూలన కీచుబిళ్ళ

నోటినిండా మేకులు పెట్టుకుని కూడా ఎదుటివాణ్ణి ఆటపట్టించగల మనిషి ఆ వీధి మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. స్ప్రింగు మామ. సోఫాలు కుట్టేవాళ్ళు ఎవరైనా చిన్న మేకుల్ని గుప్పెడు తీసి బుగ్గన వేసుకుంటారు. నాలుకతో ఒక్కొక్కదాన్నీ పెదవుల మీదికి తోస్తే, అయస్కాంతం ఉన్న సుత్తి ముద్దుపెట్టుకున్నట్టు దాన్ని అందుకుని చెక్కలోకి దింపుతుంది. ఒక చేత్తో గుడ్డ లాగిపట్టాలి, ఒక చేత్తో కొట్టాలి, మూడో చెయ్యి దేవుడు ఇవ్వలేదు కాబట్టి నోరు. ఆ పని జరుగుతున్నంతసేపూ బుద్ధున్నవాడెవడూ మాట్లాడడు. మామకి ఆ బుద్ధి లేదు. మేకుల సందుల్లోంచే వీధిలో పోయేవాళ్ళ నడకనీ, క్రాఫునీ, కొత్త చొక్కానీ వదలకుండా పలకరిస్తాడు. ఎంత అణిచినా లేస్తాడని వీధి పెట్టిన పేరు స్ప్రింగు. అసలు పేరు ఇంటావిడక్కూడా ఆలోచిస్తే గానీ గుర్తురాదు.

ఈ మనిషికి ఇంకో దురలవాటు ఉంది. రబ్బరు బొమ్మల కడుపులో నొక్కితే అరిచే కీచుబిళ్ళ ఉంటుంది చూడండి, అలాంటివి ఒక డబ్బా నిండా పోగేశాడు. ఏ సోఫా కుట్టినా ఫోము కింద ఏదో ఒక మూల ఒకటి దాచి కుట్టేస్తాడు. ఎక్కడ దాచాడో చెప్పడు. సోఫా ఇంటికెళ్ళాక ఎప్పుడో ఒక పెద్దమనిషి వచ్చి దర్జాగా ఆ మూల కూలబడతాడు. కింద చిట్టెలుక ఏడ్చినట్టు కీచుమంటుంది. మొదటిరోజు సోఫా వాళ్ళు మామని తిడతారు. రెండోరోజు నవ్వుతారు. మూడోరోజు నుంచి, గిట్టని చుట్టాలొస్తే చెయ్యిపట్టుకుని మరీ ఆ మూలే కూర్చోబెడతారు.

ఆ రోజు షాపులో సెలూనాయన సోఫా తలకిందులుగా ఉంది. దాని అడుగున మామ గోనెపట్టీలు బిగిస్తున్నాడు. సెలూనాయన బేరాలు లేక వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఈసారి ఎక్కడ పెడుతున్నావో చెప్పు మామా. నేనొక్కణ్ణీ తప్పించుకుంటాను."

మామ పెదవుల మీదికి ఒక మేకు వచ్చింది. సుత్తి అందుకుంది. ఠక్.

"ఏం, పళ్ళు గానీ ఊడాయా? నిన్న కాక మొన్న అడిగావు, నీ తలకే లేనిది ఊళ్ళోవాళ్ళకి ఎందుకని గొరుగుతున్నావా అని. ఇవాళ ఒక్క ముక్క అనవేం? నా గుండు బోసిపోతోంది మామా."

ఠక్. మామ నోట్లో మేకులు ఆ రోజు ఉత్త మేకుల్లాగే ఉన్నాయి. సెలూనాయన కాసేపు చూసి, గుండు తడుముకుని, "సర్లే, నీ మూడ్ బాగున్నప్పుడు వస్తా" అని లేచాడు.

అతను అటు వెళ్ళాడో లేదో ఇంటావిడ భోజనం డబ్బా పట్టుకుని వచ్చింది. గోడవార ఉన్న పాత దివాన్ మీద పెట్టింది. అది పెట్టె దివాన్, అంటే పైన పరుపు, పరుపుని మూతలా ఎత్తితే కింద ముక్కలూ పీచూ పోసుకునే పెట్టె. డబ్బా దానిమీద పెట్టిన చెయ్యి అక్కడే ఆగింది. ఏదో తగిలినట్టు మళ్ళీ తీసి నేలమీద పెట్టింది.

"అల్లుడు ఫోన్ చేశాడు" అంది.

మామ నోట్లోంచి మేకులన్నీ అరచేతిలోకి ఊశాడు. తడిసిన మేకులు అరచేతిలో చీమల్లా ఉన్నాయి.

"గురువారం రమ్మంటున్నారట. మాటల డాక్టరు దగ్గరికి. పీచు కూడా వస్తుందట. అందరూ కూర్చుని మాట్లాడుకోవాలట."

పీచు వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. సోఫాల్లో కూరే పీచులో పడి దొర్లి, జుట్టునిండా అదే వేసుకుని పెరిగిందని మామ పెట్టిన పేరు. ఇప్పుడు పీచుకీ ఒక కూతురుంది. రెండో కానుపు చేతిదాకా వచ్చి జారిపోయాక పీచుకి నిద్ర కరువైంది. మందులు ఇస్తే మొద్దులా పడుండేది. అప్పుడు మామే చెప్పాడు, ఫలానా చోట ఒకావిడ ఉంది, మందులివ్వదు, మాట్లాడించే బాగుచేస్తుంది, ఎంత మెత్తగా మాట్లాడుతుందో, ఆవిడ గదిలో సోఫా కుట్టింది నేనే, వెళ్ళమ్మా అని. పక్కవీధి టైలరు ఆవిడ దగ్గరికెళ్ళే తాగుడు మానాడు. అది అబద్ధం కాదు.

"పెట్టె సంగతేనా?" అన్నాడు మామ.

"ఇంకేం సంగతి ఉంటుంది!" ఇంటావిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "మొదట పెట్టెలో దాక్కున్నట్టు గుర్తొచ్చిందంది. తర్వాత మీరే పెట్టారంది. తర్వాత మూతేసి మీద కూర్చున్నారంది. పోయిన వారం అల్లుడు చెప్తున్నాడు, అరిచినా తియ్యలేదంటోందట. వెళ్ళినప్పుడల్లా ఒక వరస పెరుగుతోంది, అల్లిక అల్లినట్టు. మీరు మీద కూర్చోవడం నేనూ చూశాను. 'నా పిల్లేది, సోఫాలో పెట్టి కుట్టేశానా ఏంటి కొంపదీసి' అని వెతుకుతున్నట్టు అరిచేవారు. అది లోపల కిలకిలమనేది. అదేగా ఆట!"

"అదే ఆట" అన్నాడు మామ. కానీ అన్నాక అరచేతిలో మేకుల వంక చూస్తూ ఉండిపోయాడు.

*

మర్నాడు సాయంత్రం షట్టరు సగం దించి, మామ దివాన్ మూత ఎత్తాడు. లోపలున్న రెక్సిన్ ముక్కలూ పీచూ ఫోము తునకలూ తీసి నేలమీద పోశాడు. ఇంటావిడ షాపు తాళం తీసుకుపోదామని వచ్చి, గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"సంసారం అందులోకి మారుస్తున్నారా ఏంటి?"

"నేను పడుకుంటా. నువ్వు మూతేసి మీద కూర్చో."

"మతి గానీ పోయిందా మీకు?"

"ఎంత చీకటిగా ఉంటుందో చూడాలే. కూర్చుంటే గానీ తెలీదు."

"నా బరువుకి మూత విరిగి మీరు చస్తే, పోలీసులకి ఏం చెప్పుకోను?"

"మా ఆయన్ని నేనే కుట్టేశానని చెప్పు" అన్నాడు మామ. పాత అలవాటు కొద్దీ వచ్చిన మాట. ఇద్దరికీ నవ్వు రాలేదు.

పెద్ద శరీరం. ముందు ఒక కాలు, తర్వాత రెండోది, పక్కకి తిరిగి మోకాళ్ళు పొట్టకి ఆనించుకుంటే గానీ పట్టలేదు. ఇంటావిడ దేవుణ్ణి తలుచుకుంటూ మూత దించి మీద కూర్చుంది. పైన పరుపు కుయ్యిమని దిగింది.

చీకటి లేదు. మామ కుట్టిన దివానేగా, అతనికి తెలియంది కాదు, మర్చిపోయాడంతే. ముందువైపు చెక్క లేదు. గోనెగుడ్డ బిగించి దానిమీద పల్చటి పూలగుడ్డ వేశాడు. గోనె సందుల్లోంచి షాపు బల్బు వెలుగు గింజలు గింజలుగా లోపల పడుతోంది. గాలి వస్తోంది. ఇంటావిడ చెప్పులు, ఆ చెప్పుల్లో పగిలిన మడమలు కళ్ళముందే ఉన్నాయి. చెయ్యి చాపితే గోనెలోంచి గిల్లవచ్చు.

గిల్లలేదు. ఎందుకంటే అప్పుడే భయం వేసింది. దేనికో తెలీదు. పీచు వాసన గొంతులోకి పోయింది. మెడ తిప్పబోతే తిరగలేదు. ఇంత మనిషిని నాకే ఊపిరి అందడం లేదే, ముద్దంత పిల్లకి ఎలా ఉండుంటుంది అనిపించింది. నేను నవ్వుతూ ఉన్నాను కదా, నవ్వుతున్నవాడికి లోపలివాళ్ళ ఏడుపు వినపడుతుందా? అది కిలకిలమందా, కీచుమందా? ఏ చెవితో విన్నాను నేను?

"తియ్యి" అన్నాడు. మెల్లగా అన్నాడనుకున్నాడు. అరిచాడు.

ఇంటావిడ గాభరాగా లేచి మూత ఎత్తింది. మామ బోర్లాపడి పాకుతూ బయటికొచ్చాడు. జుట్టునిండా పీచు. ఆవిడ దులుపుతూ, "చూశారా, వెలుగు పడుతూనే ఉందిగా? చెప్పులు కూడా కనపడి ఉంటాయి. గురువారం అదే చెప్పండి. గోనెగుడ్డ సంగతి చెప్పండి" అంది.

"భయమేసింది" అన్నాడు మామ.

"మీకు ఒళ్ళు పట్టక."

"కాదే. భయమేసింది. దానికీ వేసే ఉంటుంది."

"భయమేస్తే ఒకసారి దూరింది మళ్ళీ మళ్ళీ ఎందుకు దూరేది, పిలవకుండానే? ఒకరోజు అందులోనే నిద్రపోతే ఎత్తుకెళ్ళి ఇంట్లో పడుకోబెట్టింది నేను కాదూ!"

ఆవిడ చెప్పిందంతా నిజం. నిజానికి నెత్తిన కొమ్ములుండవు, గట్టిగా పట్టుకోడానికి. మామ నేలమీద కూర్చుని ఫోము తునకలు ఏరి పెట్టెలో వేస్తూ, ఆవిడ మాటలు వింటూనే ఉన్నాడు, చెవిదాకా వచ్చి జారిపోతూనే ఉన్నాయి.

*

బుధవారం మధ్యాహ్నం అల్లుడొచ్చాడు. మందుల కంపెనీ బ్యాగు భుజాన వేసుకుని ఊరంతా తిరిగే ఉద్యోగం. ఎప్పుడొచ్చినా మామ "రండి అల్లుడుగారూ, ఆ కుర్చీలో కాదు, అందులో స్ప్రింగు లేచి ఉంది, మర్యాదకి భంగం" అని మొదలుపెట్టేవాడు. ఇప్పుడు ఊరికే స్టూలు చూపించాడు. అల్లుడు కూర్చుని బ్యాగు ఒళ్ళో పెట్టుకున్నాడు, ఎవరో లాక్కుంటారన్నట్టు.

"తింటోందా?" అన్నాడు మామ.

"పాప తిననిది తింటోంది మామయ్యగారూ. పళ్ళెంలో మిగిలిందే. వేరే పెట్టుకోదు. అక్కడికి వెళ్ళొచ్చిన రోజు అసలు పలకదు. గోడవైపు తిరిగి పడుకుంటుంది. పాప దగ్గరికెళ్తే ఉలిక్కిపడుతుంది. వెళ్ళకముందు నిద్ర ఒక్కటే లేదు. ఇప్పుడు మనిషే లేదు."

"మాన్పించలేకపోయావా?"

"అడిగాను. ఇంత మెత్తగా చెప్పింది ఆవిడ. బాగుపడేముందు ఇలాగే ఉంటుందండీ, పుండు కోశాక మధ్యలో వదిలేస్తే విషం ఎక్కుతుంది అంది. నేనేం చెప్పను? నాకేం తెలుసు? కోసింది ఆవిడ. కుట్టాల్సిందీ ఆవిడే కదా."

మామ చేతిలో వంకర సూది ఉంది. పురికొస ఎక్కించి ఉంది. కుట్టడం లేదు, వేలిమీద అటూ ఇటూ దొర్లిస్తున్నాడు.

"ఆవిడ ఏమంటుందంటే మామయ్యగారూ, మీ అమ్మాయిని ఎవరూ నమ్మలేదన్నదే తన జబ్బట. నమ్మితే చాలట." అల్లుడు బ్యాగు జిప్పు సగం తెరిచి మళ్ళీ మూశాడు. "అత్తయ్యగారు నాతో గోనెగుడ్డ గురించి చెప్పారు. నేను మీరు చేశారనడం లేదు. చేసినా చెయ్యకపోయినా... ఒక్కసారి ఔనంటే పోయేదేముంది? నా పెళ్ళాం నాకు కావాలి. అంతే. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"ఛ, లే. అల్లుడు మామ కాళ్ళు పట్టుకుంటే నా ఆయుష్షు తగ్గుతుంది" అన్నాడు మామ. అల్లుడు నిజంగానే స్టూలు మీంచి కిందికి వంగబోయాడు.

మామ అతని భుజాలు పట్టి ఆపాడు. ఆ భుజాలు ఎంత సన్నబడ్డాయో చేతికి తెలిసింది. గుడ్డ కింద చెక్క తగిలినట్టు తగిలాయి.

"అది మళ్ళీ ఇంటికొస్తుందంటావా? పాపని తీసుకుని?"

"వస్తుంది. ఎందుకు రాదు."

"అయితే సరే."

అంత తేలిగ్గా అన్నాడు. సోఫాకి ఏ రంగు గుడ్డ అంటే ఏదో ఒకటి కానివ్వమన్నట్టు.

*

మాటల డాక్టరు గదిలో కిటికీకి తెల్లటి తెర, గోడకి ఆకుల బొమ్మ, టీపాయ్ మీద కాగితం రుమాళ్ళ పెట్టె, నీళ్ళ జగ్గు. ఆవిడ చెప్పులు విప్పి, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. వయసులో పీచుకన్నా ఒకటి రెండేళ్ళు పెద్దదేమో. మొహంలో ఇంత కల్మషం కనపడితే తిట్టుకోవచ్చు. కనపడలేదు. వచ్చినవాళ్ళందరికీ తనే లేచి నీళ్ళిచ్చింది.

ఎదురుగా మామ కుట్టిన సోఫా. ముదురాకుపచ్చ గుడ్డ, గుండీలు ఇంకా వదులవలేదు. కుడి చివర పీచు కూర్చుని ఉంది. అమ్మ చెయ్యి పట్టుకోబోతే ఇచ్చింది గానీ వేళ్ళు ముడవలేదు. అల్లుడూ, ఇంటావిడా గోడవార కుర్చీల్లో సర్దుకున్నారు. మామకి మిగిలింది సోఫాలో ఎడమవైపు.

పీచు అప్పుడు తలెత్తి చూసింది. మామ మొహాన్ని కాదు. అతను ఎక్కడ కూర్చోబోతున్నాడో అక్కడ.

ఎడమ మూలన కీచుబిళ్ళ ఉందని మామకి తెలియదా? దాచింది తనే. ఏడ్చేవాళ్ళు వచ్చే చోటని చెప్పారు కాబట్టి, ఒకడైనా ఏడుస్తూ ఏడుస్తూ పక్కున నవ్వకపోతాడా అని, ఆ రోజు పనిగట్టుకుని మంచి బిళ్ళ ఏరి మరీ పెట్టాడు. ఇప్పుడు ఆ మూల చూసి అడుగు వెనక్కి వేశాడు. కీచుమందంటే ఇంకేమైనా ఉందా! కూతురు చావుబతుకుల్లో ఉంటే ఈ ముసలాడికి ఇంకా వేళాకోళమే అనుకోరూ? నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా? గాజుసామాను మీద కూర్చుంటున్నట్టు మెల్లగా, మూల తగలకుండా, సోఫా నడిమధ్యన అంచుమీద కూర్చున్నాడు. సోఫా చప్పుడు చెయ్యలేదు.

పీచు తల దించుకుంది.

"ఇక్కడ తీర్పులేమీ ఉండవు" అంది మాటల డాక్టరు. "ఎవరూ దోషులు కారు. ఆమె పడిన బాధని మనం వింటాం, అంతే. ఒక్కటే మనవి చేస్తున్నాను అంకుల్. మీరు సరదా మనిషని విన్నాను. కష్టం ఎదురైనప్పుడు కొంతమంది నవ్వుని గోడలాగా అడ్డం పెట్టుకుంటారు. ఈరోజు ఆ గోడ వద్దు."

"వద్దమ్మా" అన్నాడు మామ.

"మీ అమ్మాయి చెప్పింది మీకు తెలుసు. మీరేమంటారు?"

పీచు చీర కుచ్చిళ్ళు సరిచేసుకుంటోంది, ఎన్నిసార్లు సరిచేసినా అవి సరిగ్గానే ఉన్నాయి. జుట్టు దువ్వుకునే వచ్చింది. అది కూడా ఎవరో బలవంతాన దువ్వించినట్టుంది. చెంపలు లోపలికి పోయాయి. మామ కళ్ళు పైనుంచి కిందిదాకా కొలిచాయి. ఇందులో ఎంత పీచు తీసేశారు, ఎంత మిగిలింది?

"పెట్టాను" అన్నాడు.

వెనకనుంచి ఇంటావిడ కుర్చీ కిర్రుమంది.

"నేనే పెట్టాను తల్లీ. మూతేశాను. మీద కూర్చున్నాను."

అక్కడితో ఆగితే సరిపోయేదేమో. కానీ ఎదురుగా బోలు కనపడితే ఇంత పీచు కూరకుండా ఊరుకోలేని చెయ్యి అది. కథ మొదలుపెట్టి సగంలో వదలడం ఆ నోటికి పుట్టుకతో రాదు. పిల్ల తలెత్తలేదు కదా, ఇంకా నమ్మలేదేమో, ఇంకా కొంచెం కావాలేమో.

"కొట్టావు లోపలనుంచి. వినపడింది. వినపడనట్టు పాట పాడాను. ఏడ్చావు. అదీ వినపడింది. రెక్సిన్ చుట్టలు తెచ్చి మూతమీద పెట్టి, టీ తాగడానికి పోయాను."

పీచు తలెత్తింది.

"పోయావా?" అంది. ఆ గదిలో ఆమె మాట్లాడిన మొదటి మాట.

"పోయాను."

"నన్ను అందులో పెట్టి?"

"పెట్టే పోయాను. నాది తప్పమ్మా."

"ఏమిటండీ మీరనేది!" ఇంటావిడ లేచి నిలబడింది. "టీ ఏంటి? చుట్టలేంటి? ఎప్పుడు..."

మాటల డాక్టరు చెయ్యి కొంచెం పైకెత్తింది. "అమ్మా, ఆయన్ని చెప్పనివ్వండి. ఇది చాలా కష్టమైన పని. ఆయన చేస్తున్నారు." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజం నీళ్ళే.

పీచు ఏడవలేదు. సోఫా ఎడమ మూలవైపు చూసింది. ఎవరూ కూర్చోని ఆ మూలలో గుడ్డ నున్నగా, గుండీ మెరుస్తూ ఉంది. కాసేపు దాన్నే చూసి, లేచి, బ్యాగు తీసుకుని తలుపు దగ్గరికెళ్ళి నిలబడింది. అల్లుడు కంగారుగా వెనకే వెళ్ళాడు.

మాటల డాక్టరు మామకి ఒక రుమాలు అందించింది. "మీరు చాలా ధైర్యం చేశారు అంకుల్. ఇప్పటికి కొంతకాలం దూరంగా ఉండటం మంచిది. ఫోన్లు కూడా వద్దు. పాపని చూడటం కూడా. ఆమె సిద్ధమయ్యాక ఆమే వస్తుంది."

"ఒప్పుకున్నాను కదమ్మా" అన్నాడు మామ, అర్థంకాక. "ఒప్పుకుంటే వస్తుందన్నారు కదా?"

"ఒప్పుకున్నారు కాబట్టే అంకుల్. ఇప్పుడు అది నిజమని తేలింది కదా. ఆమెకి ఇప్పుడు టైమ్ కావాలి."

*

ఇంటావిడ మాట్లాడటం మానేసింది. భోజనం డబ్బా తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళిపోతోంది. మామ సెలూనాయన సోఫాకి పైగుడ్డ లాగి బిగిస్తున్నాడు. శనివారం మధ్యాహ్నం షాపు ముందు ఆటో ఆగింది. పీచు దిగింది. చేతిలో పాప కుర్చీ, పుట్టినరోజుకి మామ కుట్టిచ్చిన బొమ్మంత కుర్చీ, ఎర్ర రెక్సిన్‌ది.

మామ మేకులు ఊసేసి లేచాడు. మోకాలు సోఫా కాలికి తగిలింది. "రామ్మా, రా! లోపలికి రా. అమ్మని పిలుస్తాను ఉండు."

"వద్దు. వెంటనే వెళ్ళిపోవాలి." గుమ్మం దాటి రాలేదు. కుర్చీ లోపలికి పెట్టింది. "దీని మీద కూర్చుని పొద్దస్తమానం కీచుకీచుమనిపిస్తోంది పాప. నేను వినలేకపోతున్నాను."

"బిళ్ళ తీసేసి ఇస్తానమ్మా. ఒక్క నిమిషం పని."

పీచు కదల్లేదు. దివాన్ వైపు చూడకుండా జాగ్రత్తపడుతోంది, వీపు అటు తిప్పి నిలబడింది.

"గురువారం మిమ్మల్ని పిలిపించింది ఆవిడ కాదు. నేనే" అంది. "పోయినసారి వెళ్ళినప్పుడు ఎందుకో ఎడమవైపు జరిగాను. కీచుమంది. నవ్వొచ్చింది నాన్నా. ఎన్నాళ్ళకో. ఆవిడ ఎందుకు నవ్వుతున్నారంది. ఏం లేదన్నాను. ఇంటికొచ్చాక పెట్టె గుర్తొచ్చింది, కానీ అందులో నేను నవ్వుతున్నట్టు గుర్తొచ్చింది. గోనెలోంచి నీ చెప్పులు కనపడుతున్నట్టు. నేను గడ్డిపరకతో నీ మడమ మీద గీస్తున్నట్టు."

"గీసేదానివి!" అన్నాడు మామ. "గీసేదానివమ్మా! నేను చీమ చీమ అని గంతులేసేవాణ్ణి."

"ఏది నిజమో తెలీలేదు. నిన్ను చూస్తే తెలిసిపోతుందనుకున్నాను. నువ్వు రాగానే ఆ మూల కూర్చుంటావు, కీచుమనిపిస్తావు, 'మీ ఆస్పత్రిలో ఎలుకలున్నాయండీ డాక్టరుగారూ' అంటావు. ఆవిడ బిత్తరపోతుంది. అమ్మ నిన్ను తిడుతుంది. అంతే, అప్పుడే లేచి నీతో ఇంటికొచ్చేద్దామనుకున్నాను. పాప బట్టలు కూడా సర్దిపెట్టుకుని వచ్చాను."

వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. మామ చేతులు గాల్లో ఉన్నాయి, పట్టుకోడానికి ఏమీ దొరకనట్టు.

"అబద్ధం చెప్పానమ్మా. అంతా అబద్ధం. నువ్వు బాగుపడతావంటే చెప్పాను. టీ లేదు, చుట్టల్లేవు. అప్పటికప్పుడు కల్పించాను. మీ అమ్మనడుగు. రా, చూడు, ఈ పెట్టెకి ముందు చెక్కే లేదు."

"ఏది అబద్ధం నాన్నా? అదా, ఇదా?" కోపం లేదు ఆమె గొంతులో. అలసట ఉంది. "చిన్నప్పటినుంచీ నువ్వు చెప్పేవన్నీ అబద్ధాలేనని నాకు తెలుసు. చందమామని ఎవరి సోఫాలోనో కుట్టేశానన్నావు. నన్ను గోనెసంచి ఇచ్చి కొన్నానన్నావు. అన్నీ నవ్వుతూ చెప్పావు, నవ్వుతూ విన్నాను. నవ్వకుండా నువ్వు చెప్పింది నా జన్మలో ఆ ఒక్కటే."

"అమ్మా..."

"నాకు ఇప్పుడు అది కూడా గుర్తొస్తోంది. చుట్టలు పెట్టిన చప్పుడు. మూత ఇంకాస్త దిగడం. నువ్వు తిరిగొచ్చి మూత తీసినప్పుడు నీ నోట్లోంచి టీ వాసన."

"అది లేదమ్మా! నేను కల్పించిందది! గురువారం పొద్దున్నదాకా ఈ లోకంలోనే లేదది!"

"మరి నాకెందుకు గుర్తొస్తోంది?"

మామ నోరు తెరిచాడు. ఆ నోటికి ఎప్పుడూ ఏదో ఒకటి తట్టేది. బండ కింద నలిగినా తట్టేది. ఇప్పుడు ఏదన్నా ఇంకో కథే అవుతుంది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

పీచు కాసేపు చూసింది, ఇంకా ఏమైనా అంటాడేమోనని. తర్వాత వంగి, కుర్చీ గుమ్మంలో కాళ్ళకడ్డంగా ఉందని గోడవైపు జరిపింది. జరపడానికి అరచెయ్యి దానిమీద ఆనించాల్సి వచ్చింది. కీచుమంది. చెయ్యి కాలినట్టు తీసుకుంది. ఆటో ఎక్కింది. ఆటోవాడు వీధి మలుపు తిరిగేదాకా మామ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

సెలూనాయన సోఫా సోమవారానికి ఇవ్వాలి. మామ లోపలికొచ్చి కూర్చున్నాడు. ఒక మూల ఫోము ఇంకా తెరిచే ఉంది, కీచుబిళ్ళ పెట్టే చోటు. డబ్బా మూత తీశాడు. రంగురంగుల బిళ్ళలు. ఒకటి తీసి చూపుడువేలితో, బొటనవేలితో నొక్కబోయి, నొక్కకుండా డబ్బాలో వేసేశాడు. గుడ్డ లాగి, మూల మడిచి, గుప్పెడు మేకులు నోట్లో పోసుకున్నాడు. ఠక్. ఠక్.

సోమవారం పొద్దున్నే సెలూనాయన వచ్చాడు. తన సోఫా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, చేతులు రుద్దుకుని, కుడి మూల కూర్చున్నాడు. ఏమీ లేదు. ఎడమ మూల కూర్చున్నాడు. మధ్యలో కూర్చుని ఊగాడు. సోఫా చేతుల మీద మోచేతులతో పొడిచాడు.

"అమ్మ మామా! ఈసారి గట్టి చోటే చూశావు. ఎక్కడ పెట్టావో చెప్పు, ఎవరితోనూ అనను."

మామ వేరే కుర్చీ మీదికి వంగి ఉన్నాడు. నోటినిండా మేకులున్నాయని వేలితో చూపించాడు.

"అయితే నేనే కనిపెడతా" అన్నాడు సెలూనాయన. గుండు మీద చెమట తుడుచుకుని, వెనక ఆనుకుని, ముందుకి జరిగి, ఒక్కో మూలా చేత్తో తడిమి తడిమి, నవ్వుతూ, కూర్చుంటూ, లేస్తూ, మళ్ళీ కూర్చుంటూ చాలాసేపు వెతుకుతూనే ఉన్నాడు.